ఇంట్లో రాసి చూసుకోని పాఠం

మాజిదా మేడానికి పాఠం చెప్పడమంటే భయమని షాద్‌నగర్‌లో ఎవరితోనైనా అనండి, నవ్విపోతారు. అక్కడి కాలేజీలో పదేళ్లపాటు డిప్లొమా పిల్లల్ని గడగడలాడించిన మనిషి మరి! కానీ ఆ గద్దింపు వెనక సంగతి వేరు. తెల్లారి చెప్పబోయే ప్రతి ప్రోగ్రామునూ ముందురోజే ఇంట్లో రాసి, నడిపి చూసుకుంటేగాని ఆమె క్లాసులో అడుగుపెట్టేది కాదు. పిల్లల ముందు 'నాకు తెలియదు' అనాల్సి వస్తుందేమోనని చచ్చేంత భయం. పదేళ్లలో ఒక్కసారి కూడా అనలేదు.

కాలేజీ మూతపడ్డాక శంషాబాద్‌లోని పుట్టింటికి చేరి, రస్ట్ అనే కొత్త ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంది. విమానాశ్రయం పక్కన సరుకు గోదాములకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ ఒకటుంది. తమ ఇంజనీర్లకు వారం రోజుల్లో ఆ భాష నేర్పమని వాళ్లు పిలిస్తే సరేనంది. తీరా మొదటిరోజు తలుపు తీసి గడప దగ్గరే ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్నవాళ్లంతా తలలు నెరిసినవాళ్లే, ఆమె బడికి పోయే రోజుల్లోనే ప్రోగ్రాములు రాసినవాళ్లు. యా అల్లా, వీళ్లకు నేనేం చెప్పను అనుకుంది. పైనుంచి విమానం పోయినప్పుడల్లా మాట వినబడక పాఠం ఆపాల్సి వచ్చేది. ఆ కాసేపే ఆమెకు ఊపిరి ఆడేది.

అందరిలోకీ గోవర్ధన్ అంటే మరీ భయం. ముందు వరుసలో చేతులు కట్టుకుని, పల్లెత్తు మాట లేకుండా ఆమెనే చూస్తూ ఉండేవాడు. ఈయన నా తప్పులు ఏరుతున్నాడు, ఏదో ఒకరోజు అందరి ముందూ కడిగేస్తాడు అని ఆమె బెంగ. మూడో రోజు టీ తాగుతుంటే ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆ రోజు రానే వచ్చిందనుకుంది ఆమె.

"మేడం, మొదటి దినం నుంచి నాకేం సమజైతలేదు," అన్నాడు గోవర్ధన్ గొంతు తగ్గించి. "అందరి ముంగట నన్ను అడగకుండ్రి జర."

పాత ప్రాజెక్టు మూసేస్తున్నారట. కొత్త భాష రానివాళ్లను ఇంటికి పంపేస్తారట. ఎవరికొచ్చిందో ఎవరికి రాలేదో చూడటానికి చివరిరోజు మేనేజర్ శ్రావణ్‌కుమార్ క్లాసులో కూర్చుంటాడట. గోవర్ధన్‌కు యాభై దగ్గరపడ్డాయి, ఈ వయసులో ఇంకో కొలువు ఎవరిస్తారు? భార్య నిర్మలకు ఇంకా ఏమీ చెప్పలేదు. అడిగినప్పుడల్లా అంతా బాగుందనే అంటున్నాడు.

ఆయనకు చిక్కల్లా ఒక్కచోటే. ఈ భాషలో ఒక వస్తువును ఇంకొకరికి అప్పగిస్తే అది ఇక నీది కాదు. మళ్లీ దాని జోలికి పోతే కంప్యూటర్ ఎర్ర అక్షరాలతో అడ్డుపడుతుంది. గోవర్ధన్ చేయి మాత్రం పాత అలవాటుకొద్దీ ఇచ్చేసినదాన్నే మళ్లీ పట్టుకునేది. సాయంత్రం అందరూ వెళ్లాక మాజిదా పక్కన కూర్చుని చెప్పింది. ప్లాటు అమ్మి రిజిస్ట్రేషన్ చేసినంక మళ్ల అండ్ల మిర్చి పెడ్తనంటే కొన్నోడు ఊకుంటడా సార్ అంది. ఆయన నవ్వాడు, తలూపాడు. వెంటనే అదే తప్పు మళ్లీ చేశాడు.

చివరిరోజు శ్రావణ్‌కుమార్ వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. సగం క్లాసు అయ్యాక, గోదాములో పెట్టెల బరువు కూడే ప్రోగ్రామును కొత్త భాషలో రాయించండి, గోవర్ధన్‌గారు రాస్తారు అన్నాడు. గోవర్ధన్ లేచాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. కీబోర్డు దగ్గరికి వచ్చాడుగాని మొదటి లైనే పడలేదు.

"ముందు నేను రాస్త. సార్ పక్కన నిలబడి చూస్తరు," అంది మాజిదా. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఇంట్లో రాసి చూసుకోని ప్రోగ్రామును పదిమంది ముందు రాయడం ఆమె జన్మలో అదే మొదలు. సగానికి వచ్చేసరికి తెర నిండా ఎర్ర అక్షరాలు. చదివితే తెలిసేదే, కానీ భయంతో కళ్ల ముందు అన్నీ అలుక్కుపోయాయి. ఒక లైను మార్చింది, పోలేదు. ఇంకోటి మార్చింది, ఇంకా ఎక్కువయ్యాయి. విమానం ఒకటి వచ్చింది, పోయింది. ఆమెకు మాత్రం ఏమీ తోచలేదు. వెనక శ్రావణ్‌కుమార్ కుర్చీ కదిలిన చప్పుడు వినబడింది.

"మేడం," అన్నాడు గోవర్ధన్ మెల్లగా. "ఆ పెట్టెలను మీరు పైననే ఇచ్చేసిన్రు గదా. ఇగ అవి మనయి కావు."

అక్కడే ఉంది తప్పు. వారమంతా ఆయన్ను ఏడిపించిన తప్పు. ఆయనే దిద్ది, మిగతాదంతా తనే రాసి ముగించాడు.

సాయంత్రం శ్రావణ్‌కుమార్ ఆమెను పిలిచి, గోవర్ధన్‌గారి గురించి ఇక మాకు దిగుల్లేదన్నాడు. తర్వాతి బ్యాచ్‌కు మాత్రం ఇంకాస్త అనుభవమున్నవాళ్లను చూసుకుంటామని మర్యాదగానే చెప్పాడు.

గేటు దగ్గర గోవర్ధన్ ఆమె కోసం ఆగి ఉన్నాడు. "మేడం, నా కోసమే కావాలని తప్పు చేసిన్రు గదా?" అన్నాడు. మొహంలో కృతజ్ఞత ఉంది, దాని కింద ఏదో చిన్నబోవడమూ ఉంది.

అవునంటే పోయిన పరువు అక్కడికక్కడే తిరిగొస్తుంది. మాజిదా పొద్దున తెర ముందు కూడా ఇంత భయపడలేదు.

"లేదు సార్. నిజంగనే నాకు తెల్వలే. మీరే పట్టిన్రు."

గోవర్ధన్ జేబులోంచి ఫోన్ తీసి ఇంటికి కలిపాడు.

"నిర్మలా, ఏం లేదు, ఒక సంగతి చెప్దామని. ఇయ్యాల మా మేడానికి దొరకని తప్పు నేను పట్టిన."