నీలం లాప్‌టాప్

తాండూరు బస్టాండు పక్కన డీటీపీ షాపు నడిపే రెబెక్క రోజూ షట్టర్ తీయగానే ముందుగా తన పాత నీలం లాప్‌టాప్‌ను తుడిచేది. చేసంచీలా పిడి పట్టుకుని మోసే ఆ యంత్రాన్ని ముట్టుకోవడానికే ఒకప్పుడు జనం వచ్చేవారు. అది ఆగిపోయి ఏళ్లయినా గల్లాపెట్టె పక్కనే ఉంచుకుంది. వికారాబాద్‌లో టీచరుగా ఉన్న చెల్లెలు పద్మారాణి స్కూల్లో ప్రదర్శనకని దాన్ని తీసుకుపోయి, తిరిగి తేలేదు. చివరికి రెబెక్కే వెళ్లి అడిగింది.

"పాత కంప్యూటర్లు జమ చేసేటాయన మస్తు ముచ్చటపడ్డడక్కా, ఇచ్చేసిన. అది నడుస్తనే లేదు కద!" అంది పద్మారాణి.

"నడుస్తలేదని నాకెరుక లేదా? నన్నొక్క మాట అడిగితే ఏంబోయె?"

చెల్లెలు పోసిన చాయ్ ముట్టకుండానే రెబెక్క బస్సెక్కింది. మర్నాడు పాత గిరాకీ ఒకాయన, "నీలం లాప్‌టాప్ ఏదమ్మా?" అన్నాడు.

"మా చెల్లె కాడ భద్రంగ ఉన్నది," అని, తలెత్తకుండా టైపు చేస్తూ పోయింది.