పసుపు పెట్టిన జవాబు

కిందటేడు భవానీపురంలో కోలాటం పోటీ పెట్టారు. మా వీధి జట్టుకీ పక్కవీధి జట్టుకీ ఏళ్ల తరబడి పంతం. అలాంటిది, ఆ జట్టు నడిపే రాజ్యలక్ష్మిగారు "ఈసారి అందరం కలిసి ఆడదాం, వస్తారా?" అని నా ఫోనుకి మెసేజ్ పంపారు.

"సరేనని ఒక్క ముక్క పెట్టండి అత్తయ్యా," అంది కోడలు.

"పెద్దావిడ తనే పిలిచారే! మర్యాదగా రాయొద్దూ?" అన్నాను.

నాకు చదువు తక్కువ. రాసి చింపి, రాసి చింపి, మూడోనాటికి ఉత్తరం కుదిరింది. శుభమని నాలుగు మూలలా పసుపు పెట్టి తీసుకెళ్లాను. వాళ్లింటి ముందు షామియానా వేసి ఉంది. తెల్లవారుజామున ఆవిడ గుండె ఆగిపోయిందట. ఉత్తరం కొంగులో దాచేశాను.

"మీరేమంటారోనని నిన్నంతా ఫోను చూస్తూనే ఉందండీ అమ్మ," అని వాళ్లమ్మాయి నన్ను పట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడెవరు పిలిచినా ముందు వస్తానంటాను. మర్యాద మాటలు తరవాత వెతుక్కుంటాను.