పెదవి చివర బొటనవేలు

నేను చదివిన యూనివర్సిటీ ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో మెట్లెక్కగానే ఎదురుగోడకు అద్దాల బోర్డు ఒకటుంటుంది. పైన ‘మన విద్యార్థుల విజయాలు’ అని రాసి ఉంటుంది. అవార్డు అందుకుంటూ మంత్రిగారి మోకాళ్ల దాకా వంగిపోయిన సీనియర్ ఒకడు. విదేశంలో ఎవరిదో పెయింటింగ్ పక్కన, అది తనదే అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డవాడు ఇంకొకడు. కార్పొరేట్ స్కూల్లో పిల్లల చేత ఆపిల్ పళ్లకు ఎర్రరంగు వేయించి ‘కళావిద్యలో విశేష కృషి’ అనిపించుకున్న మా క్లాసు అమ్మాయి. ఎవరినీ తక్కువ చేయడం లేదు. అదే బోర్డు మీద నేనూ ఉన్నాను.

నా ఫోటోలో ఒక విగ్రహం ఉంటుంది. పంచె, కండువా, చెయ్యి పైకెత్తి నవ్వుతున్న పెద్దమనిషి. విగ్రహం పక్కన మా హెచ్‌ఓడీ సారు, సారు పక్కన నేను. ఎడమ అంచున ఒక ముసలామె భుజం పడింది, మనిషి పడలేదు. కొత్తగా చేరిన పిల్లలు నా నంబరు ఎక్కడో సంపాదించి ఫోన్ చేస్తారు, మేడమ్, ఆ నవ్వు ఎంత సహజంగా తెచ్చారు అంటారు. ఆ నవ్వు నేను తేలేదమ్మా అని పెట్టేస్తాను. అది వినయం అనుకుంటారు, వాళ్ల మొహం.

మాది కౌకూరు. ఇంట్లో అందరూ చర్చి మనుషులు. శిల్పం చదువుతానన్నప్పుడు అమ్మ ఉపవాసం ఉండి ప్రార్థన చేసింది. విగ్రహాలు చేసే చేతులంటే దేవునికి గిట్టదని ఆమె భయం. దేవుళ్ల బొమ్మలు కాదమ్మా, మనుషుల బొమ్మలే అని నచ్చజెప్పబోయాను. “మనుషులకైతే ఇంకెందుకే బొమ్మలు” అంది. అప్పుడు నవ్వాను గానీ, ఇప్పుడు నవ్వలేను.

చదువయ్యాక అలియాబాద్‌లో కరీంనగర్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకున్నాను. ఈ చుట్టుపక్కల పొలాలు ప్లాట్లయిన దగ్గర్నుంచి, పోయిన ప్రతి పెద్దాయనకూ ఒక విగ్రహం కావలసి వస్తోంది. బతికుండగా వరండాలో మంచం వేసి కూర్చోబెట్టిన వాళ్లకు, పోయాక చౌరస్తాలో పీఠం కడుతున్నారు. నాకు పనికి మాత్రం కొదవ లేదు.

ఈ పనికి ఒక పద్ధతుంది. ముందు తల మట్టితో చేస్తాం. ఇంటివాళ్లు కార్లలో దిగి చూస్తారు. నేను దాన్ని మట్టిచూపులు అంటాను, పెళ్లిచూపుల్లో పిల్లకు పెట్టినట్టే వంకలు పెడతారు కాబట్టి. ముక్కు లావైందని బావమరిది, మీసం సన్నబడిందని అల్లుడు. అందరూ సరే అన్నాక మట్టి మీద ప్లాస్టర్ వేసి అచ్చు తీస్తాం. అచ్చు తీస్తే మట్టి తల పాడైపోతుంది. ఆ తర్వాత మార్చడానికి ఇంకేమీ మిగలదు.

షామీర్‌పేట దగ్గర భూములున్న ఒక కుటుంబం పోయిన తండ్రి విగ్రహం, వాళ్ల మాటలో ‘బాపు’ విగ్రహం, చెయ్యమని వచ్చింది. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు వెంచర్లు వేస్తాడు, రాజకీయాల్లో తిరుగుతాడు. వాళ్లు తెచ్చినవన్నీ స్టూడియో ఫోటోలు. మొహం నున్నగా దిద్ది, చెంపలకు గులాబీరంగు పూసి ఉన్నాయి. వాటితో విగ్రహం కాదు, లడ్డూ చేయొచ్చు. ఆయనకు తెలియకుండా తీసిన ఫోటో ఏదైనా ఉంటే ఇవ్వమన్నాను. చిన్నకొడుకు ఎవరిదో పెండ్లి వీడియోలోంచి ఒక ముక్క పంపాడు. భోజనాల బంతిలో కూర్చున్న పెద్దాయన తల పక్కకు తిప్పి, ఫ్రేములో లేని ఎవరినో చూస్తున్నాడు. కింది పెదవి ఒక పక్కకు లాగి ఉంది, కళ్లు సగం మూసినట్టున్నాయి. అబ్బ, ఎంత పెద్దరికం అనుకున్నాను. ఆ ఒక్క చూపును పట్టుకుని తల మొత్తం చేశాను. చదువుకున్నప్పటి నుంచీ ఏ మూతీ నాకు అంత బాగా కుదరలేదు.

మట్టిచూపుల రోజు మా సారు కూడా వస్తానన్నారు. డిపార్ట్‌మెంట్‌కు తనిఖీ వాళ్లు వస్తున్నారు, బోర్డు మీదికి పూర్వ విద్యార్థుల ఘనతలు కావాలి. పైగా పెద్దకొడుకు పలుకుబడి ఉన్నవాడు. సారుకు ఇలాంటివి ఎవరూ చెప్పక్కర్లేదు.

సారు గురించి ఒక మాట చెప్పాలి. క్లాసులో మేం మట్టి చేస్తుంటే వెనక నుంచి వచ్చి, ఒక్క మాట లేకుండా, మా బొమ్మ మీద బొటనవేలు నొక్కి పోయేవారు. ‘సార్ చెయ్యి పడ్డది’ అనేవాళ్లం. చెయ్యి పడిన బొమ్మకు ఇంక ఢోకా లేదు. ఆ వేలిముద్ర చెరగకుండా తడిగుడ్డ కప్పి కాపాడుకునేవాళ్లం. ఒకమ్మాయి మాత్రం సారు నొక్కిన చోట మళ్లీ తన మట్టి పెట్టుకుంది. తర్వాత చదువయ్యేదాకా సారు ఆమె బల్ల దగ్గర ఆగలేదు. ఆమె బోర్డు మీద లేదు.

ఆ పొద్దున కారు మొదట పెద్దాయన భార్యను దింపి, మిగతా వాళ్లనూ సారునూ తీసుకురావడానికి తిరిగిపోయింది. నేను తల మీది తడిగుడ్డ తీశాను. ఆమె గడప దాటి ఒక అడుగు వేసి, చటుక్కున చెంగు నెత్తి మీదికి లాక్కుని, చెప్పులు విడిచి, తలుపు వారన నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. నాకప్పుడు జాలి కలగలేదు, గర్వం కలిగింది. పెళ్లాం చెంగు కప్పుకునేలా ఒకడి మొహం చేశానంటే ఇంతకన్నా ఏం కావాలి నాకు, అనుకున్నాను.

“ఏ ఫోటో జూసి జేసినవ్ బిడ్డా?” అంది. కుడిచెవి నా వైపు పెట్టి నిలబడింది.

ఫోన్‌లో ఆ పెండ్లి ముక్క చూపించాను. ఫోన్ కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది.

“గీ సూపు నా దిక్కే. గా పెండ్లిల ఎవలో ఏందో అంటే నవ్విన. గందుకు జూస్తున్నడు. ఇంటికి వోయినంక గీ చెవు వోయింది” అని ఎడమచెవి మీద చెయ్యి పెట్టుకుంది.

పెద్దరికం అనుకున్నాను గదా. నా కళ్లు పాడుగాను అనిపించింది. “మీ కొడుకులకు తెలవదా అవ్వా?” అన్నాను.

“చెప్పిన. బాపు దేవుడు, నువ్వే లేనిది పుట్టిస్తవ్ అంటరు. ఆళ్ల ముంగట ఎన్నడు చెయ్యెత్తలే. తలుపేసేటోడు.” మట్టి తలను ఇంకోసారి చూసి గొంతు తగ్గించింది. “గిట్లనే ఉండనియ్యి బిడ్డా. రేపు చౌరస్తల గీ మొకం దినాం జూస్తెనన్న నమ్ముతరేమో.”

అలాగేనన్నాను. గట్టిగానే అన్నాను, ఆమెకు వినబడాలని.

కొడుకులు, వాళ్ల వెనకే సారూ వచ్చారు. పెద్దవాడు ఫోన్‌లో ఎవరినో తిడుతూ లోపలికి వచ్చి, తలను చూడగానే “మళ్ల జేస్త” అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చొక్కా సర్దుకుని తిన్నగా నిలబడ్డాడు. చిన్నవాడు నోట్లోని వక్కపలుకులు బయటికి వెళ్లి ఉమ్మేసి వచ్చాడు. ఇద్దరికీ ఆ చూపు తెలుసు. అవ్వ వాళ్ల మొహాల వంక అంత ఆశగా చూడటం నేను చూశాను.

ముందు తేరుకుంది పెద్దవాడే. “మేడమ్, బాపు గిట్ల కోపంగ ఉండకపోతుండె. జర నవ్వు వెట్టుండ్రి” అన్నాడు.

“గిట్లనే ఉంటుండె” అంది అవ్వ.

“నీకు ఇనబడదనుకున్నం, కనబడుడు గూడ బందయిందా అమ్మా” అన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు. సారూ నవ్వారు. అవ్వ నవ్వలేదు, నవ్వితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

నాకు ఒళ్లు మండిపోయింది. “సార్, ఈ తలకు ప్రాణం ఆ మూతే, దాన్ని కదపొద్దు” అన్నాను.

“చౌరస్తాలో పెట్టే బొమ్మమ్మా. వచ్చేపోయే వాళ్లు జడుసుకోరూ” అంటూ సారు చొక్కా చేతులు మడిచి, నీళ్ల గిన్నెలో వేలు ముంచారు. నేను తలకు అడ్డంగానే నిలబడి ఉన్నాను. భుజం మీద చెయ్యి వేసి, క్లాసులో బల్ల జరిపినట్టు, నన్ను పక్కకు జరిపారు. బొటనవేలు పెదవి చివర పెట్టి పైకి నొక్కారు. రెండో చివర కూడా నొక్కారు. కంటి కింద కాస్త నిమిరారు. అంతే. ఆడదాని చెవి పగలగొట్టిన మనిషి, ఊరందరికీ అన్నం పెట్టినవాడిలా నవ్వాడు.

“గిదే. గిదే మా బాపు” అని పెద్దవాడు కండ్లు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడ్చాడు. లేని తండ్రి కోసం అంతసేపు ఏడ్చినవాణ్ణి నేను మళ్లీ చూడలేదు. ఏడుపు ఆగాక, ముహూర్తం దగ్గరపడుతోంది, మా ముంగటనే అచ్చు వొయ్యిండ్రి అన్నాడు. నేను కదల్లేదు. సారే ప్లాస్టర్ కలిపారు, పాత రోజులు గుర్తొస్తున్నాయమ్మా అంటూ. అవ్వ చెప్పులు వేసుకుని, ఎవరూ పిలవకుండానే వెళ్లి కారులో కూర్చుంది.

ఆవిష్కరణ రోజు చౌరస్తాలో షామియానా వేశారు. నాయకుడొకాయన తెర లాగాడు, జనం చప్పట్లు కొట్టారు. సారు మైకు తీసుకుని, శిల్పానికి ఆత్మ నవ్వులో ఉంటుందని, మా డిపార్ట్‌మెంట్ నేర్పేది అదేనని చెప్పారు. మొదటి దండ భార్య చేత వేయించాలన్నారు. నిచ్చెన తెచ్చేదాకా అవ్వ పీఠం పక్కన నిలబడి పైకి చూస్తోంది. నెత్తి మీద చెంగు లేదు. ఆ మొహానికి అవసరం లేదు.

నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. నా వైపు తిరగకుండానే అంది.

“ఇగ నన్నెవలు నమ్మరు బిడ్డా.”

కుడిచెవి దగ్గరికి వంగి, “నేను నమ్ముతున్న అవ్వా” అన్నాను.

“నువ్వు నమ్మి ఏం జేస్తవ్” అంది. “నువ్వు జేసిన బొమ్మనే నవ్వవట్టె.”

అప్పటికే సారు నన్ను చెయ్యి పట్టి విగ్రహం పక్కకు లాగుతున్నారు. ఫోటోగ్రాఫర్ కెమెరాలోంచి తల ఎత్తి, “అవ్వా, జర పక్కకు జరుగు, అడ్డమొస్తున్నవ్” అన్నాడు. ఆ మాట ఎడమచెవి వైపు నుంచి వచ్చినా ఆమెకు వినబడింది. జరిగింది.