జబిదా బజ్జీల దగ్గరికి దారి చెప్పినవాడు

సెలవు రోజు ఎలా గడపాలో తోచనివాళ్లకు సముద్రం ఒడ్డునున్న బాచొక్ ఊరి చుట్టుపక్కల పల్లెల్లో ఒకటే మాట చెప్పేవారు, పోయి జబిదాని అడగమని. కోత కోసేసిన వరిమడి గట్టు మీద, నీలం పట్టా కింద ఆమె బజ్జీల మూకుడు ఉండేది. అక్కడ సెలవులైన శుక్ర, శనివారాలు మాత్రమే. మిగతా ఐదు రోజులూ పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు కట్టేది. యాభై రెండేళ్ల నడుము, సాయంత్రానికి కొయ్యబారిపోయేది. అయినా సెలవు రెండు రోజులూ ఆ మూకుడు ముందు నిలబడేది. ఇంట్లో కూర్చుంటే ఇంకా నొప్పి అనేది.

మనిషిని చూసి సలహా ఇచ్చేది. కొత్తగా పెళ్లైనవాళ్లు వస్తే చేపముద్దతో చేసిన కడ్డీలు వేయించి ఒకటే పొట్లం కట్టి సముద్రం ఒడ్డుకు పంపేది. రెండు పొట్లాలు కడితే రెండు దిక్కులు చూస్తూ తింటారని ఆమె లెక్క. రిటైరైన గుమాస్తా ఒకాయన ఇంట్లో భార్యతో పొద్దస్తమానం తగువులేనని మొత్తుకుంటే గువ్వను పెంచుకోమంది. "అది కూస్తుంటే నువ్వు నోరు మూసుకుని వినాలి. అలవాటైతే ఇంట్లోనూ పనికొస్తుంది," అంది. ఆయన నిజంగానే పెంచాడు. శనివారం గువ్వల కూతల పోటీకి పంజరం చేత పట్టుకుని వెళ్తూ ఆమెకు సలాము చెప్పి పోయేవాడు.

గాలిపటాల విషయంలో మాత్రం ఆమె ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. ఆ మడిలో ప్రతి శుక్రవారం మనిషెత్తు గాలిపటాలు లేచేవి. ఒక్కోదాని తల మీద ఒక వెదురు విల్లు, విల్లుకు సన్నగా చెక్కిన ఆకు పట్టీ. గాలి తగిలితే ఆ పట్టీ ఊరంతా వినపడేలా మోగుతుంది. ఆమె మొగుడు దెరామన్ చేసిన విల్లు ఎంత దూరాన మోగినా పోల్చుకోవచ్చు. రెండు సార్లు బారుగా మూలిగి, మధ్యలో గుటక వేసినట్టు ఆగేది. పట్టీని ఎడమ చివర కాస్త వదులుగా కట్టడం ఆయన చేతివాటం. ఇంకొకరికి పట్టుబడలేదు.

మూడేళ్ల కిందట దెరామన్ చేపలకు వెళ్లి తిరిగి రాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. ఆయన తమ్ముడు సాలెహ్ ఆ సంవత్సరం నుంచే పోరుతున్నాడు, పోయినవాళ్ల పేరిట చేసే ప్రార్థనా, భోజనమూ చేసేద్దామని. ఊళ్లోవాళ్లు తన మొహాన్నే అడుగుతున్నారని, అన్నను దిక్కులేనివాడిలా వదిలేశామంటున్నారని వాపోయేవాడు. జబిదా ఒప్పుకోలేదు. బతికున్నవాడికి ఆ భోజనం పెడితే, తానే చేతులారా నీళ్లలోకి తోసినట్టవుతుందని ఆమె భయం. పెట్టకపోతే, చచ్చిన మనిషి ఎక్కడ తిరుగుతున్నాడో అన్నది ఇంకో భయం. మూడేళ్లుగా ఈ రెండింటి మధ్యే నలుగుతోంది.

ఆ శుక్రవారం మూడు గంటలప్పుడు పట్నం నుంచి ఒకతను వచ్చాడు. పేరు ఫైజుల్, ఇనుప సామాన్ల కొట్లో పని. చంకలో పెద్ద గాలిపటం. అరటిపండు బజ్జీలు అడిగాడు. తీపి తక్కువున్న పండువి, రెండోసారి నూనెలో వేసి ఇమ్మన్నాడు.

జబిదా చేతిలో చిల్లుల గరిటె ఆగింది. రెండోసారి వేయించి ఆమె ఇంట్లో ఒక్కరికే పెట్టేది. ఈ గట్టు మీద ఎవరికీ ఎప్పుడూ పెట్టలేదు.

"ఎవరు చెప్పారు నాయనా నీకు?"

పొద్దున సముద్రం ఒడ్డున ఒక పెద్దాయన కనిపించాడని అతను చెప్పాడు. బోర్లించిన పడవ పక్కన కూర్చుని ఆకు పట్టీ చెక్కుతున్నాడట. సెలవు రోజు ఇక్కడ చూడ్డానికి ఏముందని అడిగితే, వరిమడి గట్టు మీద నీలం పట్టా ఉంటుంది, అక్కడ బజ్జీలు తినమన్నాడట. చేతిలో ఉన్న విల్లును ఈ గాలిపటానికి కట్టి ఇచ్చాడట. డబ్బు పుచ్చుకోలేదు.

నీలం పట్టా ఆమె కట్టింది పోయిన ఏడాది.

"మనిషి ఎలా ఉన్నాడు?"

"తల ఎత్తలేదు పిన్నీ. చేతులు మాత్రం చూశాను. బాగా నానిపోయి తెల్లగా ఉన్నాయి. చేపల పని కదా, అంతే అనుకున్నా. ఇది ఎగరేసి, పొద్దు వాలకముందే తాడు మీకివ్వమన్నాడు. మీరు కోస్తారన్నాడు."

ఆ మాటకు పక్కన నూనె డబ్బా మోస్తున్న సాలెహ్ డబ్బా కింద పెట్టేశాడు. ఆ ఊరి అలవాటు అది. పోయినవాడి గాలిపటాన్ని ఒకసారి ఎగరేసి, ఇంటివాళ్ల చేత తాడు కోయించి అతన్ని సాగనంపుతారు.

గాలిపటం లేచింది. మొదటి మూలుగు వినగానే మడిలో మిగతావాళ్లు తమ తాళ్లు పట్టుకుని తలలెత్తి నిలబడ్డారు. రెండు సార్లు బారుగా మూలిగింది, గుటక వేసింది. ఒకరొకరుగా తమ గాలిపటాలు దించేసుకున్నారు. చివరికి ఆకాశంలో అదొక్కటే మిగిలింది.

పొద్దు కొబ్బరిచెట్ల వెనక్కి జారుతుండగా ఫైజుల్ తాడు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఎండలో అంతసేపు ఉన్న తాడు. తడిగా, చల్లగా ఉంది. ఆమె వేలు నాలుకకు ఆనించుకుంది. ఉప్పగా తగిలింది. పైనుంచి ఎవరో చెయ్యి పట్టుకుని లాగుతున్నట్టు తాడు లాగుతోంది. విసురుగా కాదు, పనికి వేళయిందని లేపినట్టు.

అరటిపండ్లు కోసే కత్తితో కోసేసింది.

సాయంత్రం గాలి సముద్రం మీంచి ఊళ్లోకి వీస్తుంది. తెగిన గాలిపటం ఏదైనా పడమటి రబ్బరు తోటల మీదే పడాలి. ఇది పడలేదు. గాలికి ఎదురుగా, తొందర లేకుండా, తూర్పుకు సముద్రం వైపు వెళ్లింది. చూపు ఆనినంతసేపు మోగుతూనే వెళ్లింది.

ఫైజుల్ ఏమీ అర్థం కాక, తాను తప్పేమైనా చేశానా అని అడిగాడు. లేదని చెప్పి, ఇంకో పొట్లం కట్టిచ్చి, చీకటి పడకముందే ఇంటికి చేరమంది జబిదా. ఒడ్డు దారిన మాత్రం పోవద్దంది.

తర్వాత మరిది వైపు తిరిగింది. "గురువారం భోజనం పెడదాం. ఇమామ్‌గారికి చెప్పిరా."

మూడేళ్లు పోరిన సాలెహ్ ఇంకా తూర్పు వైపే చూస్తున్నాడు.

"ఇంకో వారం ఆగుదామా వదినా?"

"ఆయన నడిచి నడిచి అలిసిపోయాడు సాలెహ్," అంది జబిదా, పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగుతూ. "వెళ్లు. భోజనానికి గొర్రెను నువ్వే చూడు."