తడారకముందే రుద్దాలి

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా వైపు తాపీ మేస్త్రీలు దొరకడం గగనమైపోయింది. పని తెలిసినవాళ్ళంతా అక్కడి కట్టుబడులకు వెళ్ళిపోయారు. సరిగ్గా అప్పుడే మా చర్చి ముందుగోడ సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడసాగింది. ఒక ఆదివారం పెద్ద పెచ్చొకటి సంఘపెద్ద గొడుగు మీద పడి దాన్ని చీల్చేసింది. తల దక్కింది కదా అని అందరం నవ్వుకున్నాం, ఆయన తప్ప. మర్నాడే ఆయన కంభం వెళ్ళి ఒక ముసలి సాయిబు మేస్త్రీని వెంటబెట్టుకొచ్చారు.

నేనప్పుడు చర్చి పక్క బడిలో పంతులమ్మను. ఇరవై రెండేళ్ళు. మేస్త్రీ పాత పెచ్చును గోటితో గీకి, నాలుకకు తగిలించుకుని, "ఇది గానుగ సున్నం తల్లీ. బెల్లం, కరక్కాయ, గుడ్డు తెల్లసొన పడాల. సిమెంటు పూసినారంటే రెండు వానలకే విడిచిపోతది" అన్నాడు.

ఈ మాట ప్రార్థన తర్వాత చెబితే గంపలతో గుడ్లు వచ్చాయి. సొనలు వేరుచేసే పని నాది. తెల్లసొన గోడకు, పచ్చసొన ఊరవతలి మా పేటకు. పది రోజులు ఏ ఇంట్లో చూసినా పచ్చసొన పొరటే. "ఇంగ కోడి మొకం చూడలేనమ్మా" అని సంఘపెద్ద భార్య దణ్ణం పెట్టింది.

ఆఖరి పూత రోజు వచ్చింది. పొద్దున్నే గోడంతా పూసి, సద్ది తాగి వస్తామని రోడ్డెక్కిన నలుగురు కూలీలు తిరిగి రాలేదు. కర్నూలు పనికి మనుషుల్ని తీసుకుపోయే లారీ వస్తే ఎక్కేశారట.

మేస్త్రీ కూలబడిపోయాడు. "తడారకముందే రాళ్ళతో రుద్దాల తల్లీ. లేకుంటే నెల పని మన్నుపాలే."

పేటవాళ్ళంతా చేలల్లో ఉన్నారు. పిల్లల్ని ఇళ్ళకు పంపేసి రోడ్డు మీదికి పరుగెత్తాను. మాకు మజ్జిగ పోసే గొల్లామె ఖాళీ కుండతో ఎదురైంది.

"ఏంది పంతులమ్మా, అట్ల ఉరుకుతున్నావు?"

చెప్పాను. ఆమె కుండ దించింది. "గోడ నున్నగ చేసేది మాకు రాదా?" అంటూ చీర ఎగదోపి, మేస్త్రీ గుండ్లకమ్మ ఏట్లో ఏరి తెచ్చిన నున్నటి రాయొకటి పుచ్చుకుని పరంజా ఎక్కేసింది. పైనుంచి కేకేసింది. "నువ్వూ రా! ఒక్కదాన్నే ఎంతని రుద్దను?"

ముక్కాలిపీట ఎక్కితేనే నాకు కళ్ళు తిరుగుతాయి. అయినా ఎక్కాను. ఒక చేత్తో బొంగు పట్టుకున్నాను. "కిందికి చూడొద్దు. గోడనే చూడు" అందామె. గోడనే చూస్తూ రుద్దాను.

కాసేపటికి ఆమె అత్త రోడ్డు మీదినుంచి అరిచింది. "ఎవుల గుడే అది, ఎక్కినావు?"

"గోడ గోడే గదత్తా! ఆరిపోతే పాయె. నువ్వూ ఒక రాయి తీసుకో!"

ముసలామె చాలాసేపు గొణిగింది. గొణుగుతూనే వచ్చి గుమ్మం పక్కన రుద్దడం మొదలుపెట్టింది. ఆమెను చూసి సంత దారిన పోయే ఆడవాళ్ళు మరో నలుగురు ఆగారు.

మధ్యాహ్నానికి పని ముగిసింది. మేస్త్రీ గోడకు చెంప ఆనించి "వెన్న!" అన్నాడు. ఆ సంతోషంలో నేను కిందికి చూశాను. అంతే, పరంజా బొంగును కావలించుకుని కదల్లేదు. గొల్లామె, మేస్త్రీ కలిసి ఒక్కో కాలూ పట్టుకుని మెట్టుమెట్టుగా దింపారు. కిందున్నవాళ్ళు పడీపడీ నవ్వారు.

ఆ ఎండాకాలంలో గొల్లామె బడి గుమ్మంలో నిలబడి, "మీ గోడకు నేనొచ్చినా గదా, మా ఇల్లు మెత్తాల, రా" అంది. మా పేటవాళ్ళెవరూ ఆ గడప దాటి ఎరగరు. బెరుకుగానే వెళ్ళాను. అత్త నన్ను ఎగాదిగా చూసి, "పైన ఎక్కేది వద్దులేమ్మా, కింద మెత్తు" అని మట్టి తట్ట చేతికిచ్చింది. మధ్యాహ్నం సంగటి, గోంగూర పెట్టి, తనూ పక్కనే కూర్చుని తిన్నది.