మేడం ఒప్పుకోని సున్నా

కామారెడ్డిలో నా షాపు షట్టరు లేపుతుంటే ఎల్లారెడ్డి నుంచి మా సోషల్ మేడం కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ లేదు" అన్నాడు. రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఒక చిన్న పని కోసం ఆమె ఒక సర్కారు ఆఫీసు చుట్టూ తిరిగీ తిరిగీ, ఆ పని కాకుండానే పోయింది. కోపం తగ్గాక రాద్దామంటే ఈ నాలుగు మాటలు ఎప్పటికీ రాయలేను.

ఎల్లారెడ్డి ఆడపిల్లల బడిలో ఆమె దగ్గర చదువుకున్నాను. ఆమె శాంతమూర్తి అని ఎవరైనా చెబితే నమ్మకండి. మాట్లాడితే చాక్‌పీసు విసిరేది. మ్యాపులో నదిని అడ్డదిడ్డంగా గీస్తే పేజీ చింపి మళ్ళీ గీయించేది. మధ్యాహ్నం అన్నం తెచ్చుకోని పిల్ల కనిపిస్తే తన డబ్బా ఆ పిల్ల ముందు పెట్టి, "తిను, నాకు ఆకలైతలేదు" అని కసిరేది. ప్రేమ కూడా ఆమెకు కసురుతూనే వచ్చేది.

వానాకాలం వస్తే ఆమెకు ఒకటే దిగులు. వాగు అవతలి ఊళ్ళ పిల్లలు ఎత్తు తక్కువ వంతెన దాటి బడికి వస్తారు. మా దగ్గర చినుకు పడకపోయినా వాగు ఎగువనున్న పై ఊళ్ళో గట్టిగా కురిస్తే కాసేపటికి ఆ వంతెన మునుగుతుంది. అందుకని మబ్బు పట్టిన రోజు పై ఊళ్ళోని ఒక టైలరుకు ఫోన్ చేసేది. అక్కడ వాన పడుతోందంటే చాలు, అవతలి పిల్లల్ని పెందలాడే పంపేది. హెడ్‌మాస్టరు సణిగితే సణగనిచ్చేది.

ఆమె రిటైరయ్యాక, ఊరూరా వాన కొలిచే యంత్రాలు పెట్టారని, ఆ అంకెలను ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చని ఎక్కడో చదివింది. నేను విత్తనాల దుకాణాలకూ ఫంక్షన్ హాళ్ళకూ వెబ్‌సైట్లు చేసి బతుకుతున్నానని ఆమెకు తెలుసు. బస్సెక్కి నేరుగా నా షాపుకు వచ్చింది.

"టైలరన్న ముసలోడైండు, ఫోన్ ఎత్తుతలేడు. గా అంకెలు వాగు దాటేటోళ్ళ ఫోన్లల్ల కనబడాలె. ఎట్ల చేస్తవో చెయ్యి బిడ్డా."

చేశాను. యంత్రాలు పెట్టిన సర్కారు ఆఫీసు సర్వర్ నుంచి అంకెలు వాటంతట అవే వచ్చి మా పేజీలో పడేవి. ఆటోవాళ్ళు, పాలవాళ్ళు, బడి టీచర్లు చూసుకునేవాళ్ళు. మేడం కనబడినవాళ్ళందరి ఫోన్లలో ఆ పేజీ పెట్టించింది. ఆమె అంత సంబరపడటం నేను అంతకుముందు చూడలేదు.

ఒకరోజు పై ఊరి నుంచి వచ్చిన ఆటో టాపు మీది నుంచి నీళ్ళు కారుతున్నాయి. పేజీలో మాత్రం ఆ ఊరికి సున్నా ఉంది. మేడం అది చూసి వెంటనే నాకు ఫోన్ చేసింది. కనుక్కుంటే ఆ యంత్రం పాడై చాలా రోజులైందట. పాడైన యంత్రం నుంచి ఏ అంకే రాదు, ఆ చోటు ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీలో ఆఫీసువాళ్ళు సున్నా నింపుతున్నారు.

ఇద్దరం ఆ ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి అధికారి చాయ్ తెప్పించి చాలా మర్యాదగా చెప్పాడు. "ఖాళీ పెడితే పైనుంచి ఫోనొస్తది మేడం. సున్నా పెడితే ఎవ్వరు అడుగరు."

మేడం ఆ చాయ్ ముట్టలేదు. "తెల్వకపోతే తెల్వదని పెట్టుర్రి సార్. తెల్వదని చూస్తే మనిషి ఆగుతడు, ఎవలనన్న అడుగుతడు. సున్నా చూస్తే వాగుల దిగుతడు" అంది.

ఇంటికి రాగానే నేను మా పేజీలో ఆ ఊరి పక్కన 'తెలియదు' అని మార్చాను. కొద్ది రోజులకే ఆఫీసు నుంచి హెచ్చరిక వచ్చింది. అంకెలు ఉన్నవి ఉన్నట్టే చూపాలట, పక్కన గమనిక కూడా పెట్టకూడదట, పెడితే అసలు అంకెలే ఆపేస్తారట. పేరుకు అందరికీ తెరిచి ఉంచిన సమాచారం! వాళ్ళ అబద్ధాన్ని ఊరంతా పంచిపెట్టే స్వేచ్ఛ మాత్రం మాకుంది. మేడం ఆ హెచ్చరికను మళ్ళీ మళ్ళీ చదివింది. చివరికి, "మిగతా ఊళ్ళయి మంచిగనే వస్తున్నయి కద. బంద్ చేస్తే అవి గూడ పోతయి. ఇప్పటికైతే ఆ 'తెలియదు' తీసెయ్ బిడ్డా. నేను మాత్రం వాళ్ళను ఇడువ" అంది.

విడువలేదు. మోకాళ్ళ నొప్పులతో ఆ ఆఫీసు మెట్లు ఎక్కుతూనే ఉంది. వెళ్ళినప్పుడల్లా సారు మీటింగులో ఉండేవాడు. పోయేముందు సాయంత్రం కూడా ఫోన్లో నన్నే తిట్టింది. "నువ్వు మెత్తగ మాట్లాడుతవు, గందుకే వాళ్ళు ఇంటలేరు" అంది.

మా దిక్కు ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు తెచ్చిన చీర కప్పాకే పాడె లేపుతారు. మేడం అక్క పెద్దకొడప్‌గల్ దిక్కు నుంచి ఆ చీర తీసుకుని రావాలి. చుట్టు తిరిగి వచ్చే రోడ్డు ఒకటి ఉంది. బయలుదేరే ముందు ఆ అక్క అల్లుడు మా పేజీ చూశాడట. పై ఊరికి సున్నా ఉంది కదా అని వాగు మీది దగ్గరి దారి పట్టారు. వాళ్ళు వాగు దగ్గరికి వచ్చేసరికి వంతెన మునిగిపోయింది. వెనక్కి తిరిగి చుట్టు రోడ్డు పట్టుకుంటే చీకటి పడుతుంది.

ఆ కబురు ఫోన్లో వచ్చేసరికి నేను మేడం ఇంట్లోనే ఉన్నాను, ఆ అధికారి కూడా పూలదండతో వచ్చి ఉన్నాడు. మేడం కొడుకు చెయ్యి పట్టుకుని, "మేడం సలహాలు మాకెప్పుడూ విలువైనవి" అంటున్నాడు. నేను ఫోన్లో మా పేజీ తీసి ఆయన మొహం ముందు పెట్టాను.

"సార్, మీ లెక్కల వాన లేదు. మరి మేడం వాళ్ళ అక్క వాగు అవతల ఎందుకు నిలబడ్డది?"

"సర్వర్ ప్రాబ్లం ఉంటదమ్మా" అన్నాడు.

ఆమె శవం ముందు నిలబడి ఆ మాట అన్నాడు. నేను ఇక్కడ రాయకూడని మాట ఒకటి అన్నాను. నాకు దానికి సిగ్గేమీ లేదు, మేడం బతికుంటే ఇంకా గట్టిగా అనేది.

కొడుకూ నేనూ బండి మీద వాగు దగ్గరికి వెళ్ళాం. ఎర్రటి నీళ్ళు వంతెన మీది నుంచి దూకుతున్నాయి. అవతలి ఒడ్డున అక్క కనిపించింది. కొడుకు ఫోన్ చేస్తే, "నీళ్ళు తగ్గుతయా బిడ్డా?" అని అడిగింది.

"తగ్గేటట్టు లేవు పెద్దమ్మా. పొద్దు గూకకముందే అమ్మను తీస్తమంటున్నరు."

 ఆమె ఫోన్ అల్లుడి చేతికిచ్చి, సంచిలోంచి ఆకుపచ్చ చీర తీసి మడతలు విప్పింది. గాలికి ఎగిరిపోకుండా అంచులు రెండు చేతులతో బిగించి పట్టుకుని, మాకు కనబడేలా పైకెత్తి అట్లాగే నిలబడింది.