భూతం ముఖానికి కొలతల్లేవు

మా పెదనాయన గోపాలస్వామి రాయపురం చుట్టుపక్కల గుళ్ళకు గాలిగోపురాల మీద సిమెంటు బొమ్మలు చేసేవాడు. చేతిలో పనితనం ఎంతో ఒంట్లో తిక్క అంతకు రెండింతలు. దేవుడి ముఖానికి శాస్త్రం కొలతలు చెప్తుంది, ఇసుమంత తేడా రాకూడదు. గోపురాన్ని భుజాన మోసే భూతాల ముఖాలకు మాత్రం ఏ కొలతా లేదు. పోనీ బొమ్మ కింద తన పేరు చెక్కుకుందామంటే ఆ ఆచారమూ లేదు. ఇక ఆ మనిషి తిక్క తీర్చుకునేది ఎక్కడ? తనను సతాయించిన వాళ్ళందర్నీ భూతాలను చేసి పైన కూర్చోబెట్టాడు. మా మేనత్త ఒక గుడి మీద కోరలతో సహా ఉంది.

తొంభై నాలుగులో కొత్త గుడి పని ఒప్పుకున్నప్పుడు ధర్మకర్త రంగనాథం శెట్టిగారు ముందే షరతు పెట్టారు. ఒక్క భూతానికి ఎవరి పోలిక వచ్చినా వరసంతా పగలగొట్టించి వేరే మనిషిని పెట్టుకుంటానన్నారు. రోజూ పరంజా ఎక్కి, బుగ్గలు పూరించి ఆయాసపడుతూ తనిఖీ చేసేవారు. ఆ బుగ్గలను ఎదురుగా పెట్టుకుని ఊరుకోవడం మా పెదనాయన వల్ల అయ్యే పనేనా?

కుంభాభిషేకానికి వారం ముందు పరంజాకు కట్టిన తడికెలు విప్పారు. చేపలమ్మే సెలీనా బుట్టతో పోతూ కింది వరసలో నడిమి భూతాన్ని చూసి, "అయ్యో, మన శెట్టిగారు!" అని అరవంలో కేకపెట్టింది. జనం మూగారు. రోజూ తనిఖీ చేసినా తన పోలిక తనకు తట్టని శెట్టిగారి ముఖం కందగడ్డ అయింది.

"అరుముగం, గునపం తే!" అని కూలీని కేకేశారు.

"మా అమ్మ మీద ఒట్టు, అది మీరు కాదు శెట్టిగారూ," అన్నాడు పెదనాయన. వాళ్ళమ్మ పోయి ఇరవై ఏళ్ళు, ఆమెకు కొత్తగా వచ్చే నష్టమేమీ లేదు. కానీ పగిలితే పోయేది ఏడు నెలల పని. పక్కనే సిమెంటు కలిపే నాకు ఏడుపొచ్చింది.

శెట్టిగారి భార్య రాజలక్ష్మమ్మ కళ్ళజోడు సర్దుకుని పైకి చూసింది.

"ఈయన కాదులే. ఆడుండేది నవ్వతా ఉండాది. ముప్పై ఏండ్లుగా చూస్తా ఉండా, మా ఇంటాయన ఎప్పుడు నవ్వినారు?"

జనం గొల్లుమన్నారు. శెట్టిగారు పళ్ళు బిగించారు, మూతి తుడుచుకున్నారు, లాభం లేకపోయింది. నవ్వు తన్నుకొచ్చింది. బుగ్గలు పొంగాయి, కళ్ళు చికిలించుకున్నాయి, అచ్చం ఆ భూతమే. ఇక ఒట్టు పెట్టుకుని ప్రయోజనం లేదు. అరుముగం గునపం ఎత్తి శెట్టిగారి మాట కోసం చూశాడు.

రాజలక్ష్మమ్మ మొగుడి ముఖమే చూస్తోంది.

"దాన్ని పగలగొట్టబాకండి," అంది మెల్లగా. "ఇంటికి పోయినాక మీరు మళ్ళా నవ్వేది లేదు. ఈడికొస్తేనన్నా చూసుకుంటా."

శెట్టిగారు అరుముగం చేతిలోంచి గునపం తీసుకుని గోడకు ఆనించారు.